స్నేహితులతో ఫోటో ట్రిప్: చోటు ఎంచుకోవడం నుంచి ఫోటోలు పంచుకోవడం దాకా

"ఫోటోలు తీద్దాం పదండి" అని బయలుదేరిన గుంపు చాలాసార్లు పిక్నిక్ చేసుకుని తిరిగొస్తుంది. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఒకరు ట్రైపాడ్ బిగించి మబ్బు తొలగడం కోసం కాచుక్కూర్చుంటారు, మిగతావాళ్లు బండి దగ్గర నిలబడి "అయిందా? ఇంకెంతసేపు?" అంటుంటారు. తీసేవాళ్లకి తొందర, తీయనివాళ్లకి విసుగు. ఎంత మంచి కెమెరా కొన్నా ఈ చిక్కు తీరదు. బయలుదేరే ముందు నాలుగు మాటలు తేల్చుకుంటే మాత్రం చాలావరకు తీరిపోతుంది. కెమెరా ఉన్నవాళ్లూ ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లూ కలిసి వెళ్లే గుంపుల కోసం రాసిన మార్గదర్శి ఇది.

1. ఇది ఫోటో ట్రిప్పా, పిక్నిక్కా?

తేదీ వేసుకునే ముందే ఈ ప్రశ్న అడగండి. రెండూ కావాలంటే రోజుని పంచేయండి. తెల్లవారుజాము నుంచి ఎండ ముదిరేదాకా ఫోటోలకి, మధ్యాహ్నం కబుర్లకి, సాయంత్రం మళ్లీ ఫోటోలకి. వెలుగు తీరు కూడా ఈ పంపకానికి సరిగ్గా సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద నుంచి పడి కళ్ల కింద నల్లటి నీడలు వేస్తుంది, ఆకుల మీద తెల్లటి మెరుపులు తెస్తుంది, కొండల్ని చదునుగా చూపిస్తుంది. ఆ వేళప్పుడు కెమెరా బ్యాగులో పెట్టేసి తిని కాసేపు నడుం వాల్చినా పోయేదేమీ లేదు.

నలుగురైదుగురైతే హాయి. అంతకు మించితే సన్నటి కాలిబాటల్లో ఒకరి ఫ్రేములో ఇంకొకరు పడుతుంటారు. ఎక్కువమంది వస్తామంటే వద్దనక్కర్లేదు, జంటలుగా విడిపోయి తిరగండి. ఒంటరిగా ఎవరూ దూరం పోకుండా ఉంటారు, జారిపడితే చూసేవాళ్లూ ఉంటారు. జంట కట్టేటప్పుడు బాగా తెలిసినవాళ్లని కొత్తవాళ్లతో కలపండి.

ఫోటోలు తీయని స్నేహితులు వస్తే వాళ్లని బరువుగా చూడొద్దు. పెద్ద కొండచరియ ముందు, జలపాతం కింద చిన్నగా ఒక మనిషి నిలబడితేనే ఆ ఎత్తు చూసేవాళ్లకి అర్థమవుతుంది. ఎర్ర చొక్కా వేసుకొచ్చిన స్నేహితుడు పచ్చటి అడవిలో కొత్త లెన్సు కన్నా ఎక్కువ పనికొస్తాడు.

ఇక పనులు. దారి ఒకరు చూడాలి, ఖర్చుల లెక్క ఒకరు రాయాలి, టైము ఒకరు చూడాలి. ఈ మూడో మనిషి "ఇక కదలండి" అంటే కదలాల్సిందే, బేరాల్లేవు. ఆ మాట ముందే అనుకోకపోతే సూర్యాస్తమయం చోటుకి మీరు చేరేసరికి సూర్యుడు ఉండడు.

2. చోట్లు తగ్గించండి, వెలుగు పెంచుకోండి

ఒక్క రోజులో ఐదు చోట్లు చుట్టేయాలని పెట్టుకునే ప్లాన్లలో ఫోటోలకి మిగిలేది తక్కువ. సగం రోజు ప్రయాణానికే పోతుంది, మంచి చోటుకి చెడ్డ వేళలో చేరతారు. నన్నడిగితే ఒకే చోటు, మహా అయితే పక్కపక్కన ఉన్న రెండు. అదే చెరువుని ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకోలా తీయండి. రెండు చెరువులు చూసినట్టే ఉంటుంది.

చోటు ఎంచుకున్నాక అది ఏ దిక్కుకి తిరిగి ఉందో మ్యాపులో చూడండి. తూర్పుకి ముఖం పెట్టిన కోట గోడ మీద ఉదయం నీరెండ పడుతుంది, సాయంత్రానికి అది నీడలోకి పోతుంది. లోయలో ఉన్న జలపాతానికి ఎండ రోజులో ఏ గంటో రెండు గంటలో మాత్రమే తగలొచ్చు. సూర్యుడు ఏ రోజు ఏ వేళకి ఎక్కడ ఉంటాడో మ్యాపు మీద గీసి చూపించే యాప్‌లు ఉన్నాయి. ట్రిప్‌కి ముందు పది నిమిషాలు వాటితో గడిపితే అక్కడికెళ్లాక తడుముకోవడం తగ్గుతుంది.

సూర్యుడు దిగంతం మీద సుమారు 6 డిగ్రీల ఎత్తులోపు ఉన్నంతసేపూ వెలుగు బంగారు రంగులో, మెత్తగా ఉంటుంది. దాన్నే గోల్డెన్ అవర్ అంటారు. సూర్యుడు మునిగి 4 నుంచి 6 డిగ్రీల కిందకి దిగినప్పుడు వచ్చే నీలి వెలుగు బ్లూ అవర్. దీపాలు వెలిగిన భవనాలు, వంతెనలు తీయడానికి దీన్ని మించిన వేళ లేదు. ఆకాశం నలుపెక్కక ముందే దీపాల వెలుగు, ఆకాశం వెలుగు సరితూగుతాయి. పేరులో 'అవర్' ఉన్నా ఇవి గంటసేపు ఉంటాయని నమ్మకండి. భూమధ్యరేఖకి దగ్గరగా సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి సంధ్య వెలుగు చకచకా అయిపోతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఏటవాలుగా దిగుతూ చాలాసేపు నిలుస్తుంది.

ఫోన్‌లో ఛార్జింగ్ లేకపోయినా పొద్దు ఎంత మిగిలిందో చేత్తో కొలవొచ్చు. చేయి పూర్తిగా చాచి, అరచెయ్యి మీ వైపు తిప్పి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య వేళ్లు అడ్డంగా పేర్చండి. ఒక్కో వేలికి 10 నుంచి 15 నిమిషాలు లెక్క. భూమధ్యరేఖ దాపున ఉంటే 10 అనుకోండి. కొలిచేటప్పుడు సూర్యుడి వైపు తేరిపార చూడొద్దు.

మబ్బు పట్టిందని ట్రిప్ రద్దు చేసుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. అడవి లోపలికి, పూలకి, జలపాతాలకి, మనుషుల ముఖాలకి మబ్బు వెలుగే మేలు. నీడలు మెత్తబడతాయి, పచ్చదనం నిండుగా కనిపిస్తుంది. బోసిపోయిన తెల్లటి ఆకాశాన్ని మాత్రం ఫ్రేములోంచి తప్పించండి. వాన వెలిసి ఎండ కాస్తే సూర్యుడికి వీపు పెట్టి వెతకండి. ఇంద్రధనుస్సు మీ నీడకి చుట్టూ 42 డిగ్రీల కోణంలో ఏర్పడుతుంది. అందుకే సూర్యుడు 42 డిగ్రీల కన్నా పైన ఉంటే ఆకాశంలో అది కనబడదు. జలపాతం తుంపరలో కనిపించేదీ ఇదే లెక్కన, కాకపోతే పైనుంచి కిందికి చూసే చోటు దొరికితే మధ్యాహ్నం కూడా కనిపించొచ్చు.

3. అనుమతులు

ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయే పని ఇది. గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు? ట్రైపాడ్ రానిస్తారా? పెద్ద కెమెరాకి వేరే టికెట్ ఉందా? చాలా మ్యూజియంలు, పాత కట్టడాలు ఫోన్‌తో తీసుకోనిచ్చినా ట్రైపాడ్‌నీ ఫ్లాష్‌నీ ఒప్పుకోవు. డ్రోన్ సంగతి మరీ సున్నితం. విమానాశ్రయాలు, సైనిక స్థావరాలు, అభయారణ్యాల దగ్గర దాదాపు ఎక్కడైనా నిషేధమే ఉంటుంది. అనుమతి ఉందో లేదో తేలకపోతే డ్రోన్ ఇంట్లో ఉంచేయడమే నయం.

4. ముందురోజు రాత్రి

బ్యాటరీలు అన్నీ ఛార్జ్ చేయండి. పాత ఫోటోలు కంప్యూటర్‌లోకి దించుకున్నాకే మెమరీ కార్డుని కెమెరాలో ఫార్మాట్ చేయండి. లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ, టార్చి, వానకి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి, తాగడానికి నీళ్లు. ట్రైపాడ్ గుంపుకి రెండు చాలు, అందరూ మోయక్కర్లేదు. లెన్సుల విషయంలో కూడా అంతే, ఒకే కంపెనీ కెమెరాలు ఉన్నవాళ్లు మాట్లాడుకుని పంచుకోవచ్చు. చలి ప్రాంతానికైతే స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

గుంపుగా వెళ్లేవాళ్లు తప్పక చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, చాలామందికి తట్టదు. కెమెరాల గడియారాలు కలపాలి. ఒకరిది ఏడు నిమిషాలు ముందు, ఇంకొకరిది వేరే టైమ్ జోన్‌లో ఉంటే, ఇంటికొచ్చి ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసేసరికి సూర్యాస్తమయం తర్వాత మధ్యాహ్న భోజనం వస్తుంది. మెనూలోకి వెళ్లి ఫోన్ టైముకి సరిచేసుకోండి. అంత ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. బయలుదేరేటప్పుడు ఎవరిదో ఒక ఫోన్‌లో సెకన్లతో సహా గడియారం తెరిచి, అందరూ తమ కెమెరాతో దాన్ని ఒక ఫోటో తీయండి. ఫోటోలో కనబడే టైముకీ ఫైల్లో నమోదైన టైముకీ ఎంత తేడా ఉందో చూసి, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ కెమెరా ఫోటోలన్నిటినీ ఒకేసారి జరిపేయొచ్చు.

5. చేరగానే కెమెరా తీయకండి

ఏసీ బండిలోంచి ఉక్కపోతలోకి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా ఒక 20, 30 నిమిషాలు వదిలేస్తే గాజు మెల్లగా బయటి వేడికి అలవాటు పడుతుంది. ఆ వ్యవధిలో చోటంతా ఒకసారి ఉత్త చేతులతో తిరగండి. వెలుగు ఎటునుంచి వస్తోంది, నేల ఎక్కడ జారుతోంది, జనం ఎటు గుమిగూడుతున్నారు, ఇవన్నీ కెమెరా చేతిలో ఉంటే కళ్లకి ఆనవు.

అందరూ బోర్డు పక్కన నిలబడి తీసే ఫోటో మీరూ తీయండి, మొహమాటం వద్దు. అది అయ్యాక ఒక ఆట ఆడండి. పది అడుగుల గిరి గీసుకుని ఒక్కొక్కరూ పావుగంట అందులోంచి కదలకుండా ఫోటోలు తీయాలి. మొదటి ఐదు నిమిషాల్లో తోచినవన్నీ అయిపోతాయి. ఆ తర్వాత వేరు మీద పాకుతున్న చీమలు, నీటి గుంటలో తలకిందులైన చెట్టు, స్నేహితుడి బూటు మీద మట్టి కనబడటం మొదలవుతుంది. ఇంకో ఆట, రోజంతా ఒకే లెన్సు, జూమ్ లేదు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ తన పనిలో చాలా భాగం 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే చేశాడు. ఫోన్ వాళ్లు 1ఎక్స్ దగ్గరే ఉండిపోవాలి. దగ్గరగా కావాలంటే కాళ్లకే పని.

6. ఏ దృశ్యానికి ఏ సెట్టింగు

వీలుంటే మామూలు జేపెగ్‌తో పాటు, సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే రా ఫార్మాట్‌లో కూడా తీయండి. వెలుగు తేడాలు తర్వాత సరిచేసుకోవడానికి అందులో చోటు ఎక్కువ. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడు (షట్టర్ తెరిచి ఉండే సమయం) భిన్నంలో కింది అంకె లెన్సు ఫోకల్ లెంగ్త్‌కి (లెన్సు మీద మిల్లీమీటర్లలో ఉండే అంకె) తగ్గకూడదు. 200 మిల్లీమీటర్ల లెన్సుకి కనీసం సెకనులో 1/200 వంతు. క్రాప్ సెన్సర్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్) అయితే 1/300కి దగ్గరగా ఉంచండి. స్టెబిలైజేషన్ ఉంటే కొంత సడలించొచ్చు, కానీ అది మీ చేతి వణుకునే ఆపుతుంది. గాలికి ఊగే పువ్వుని ఆపదు.

విశాలమైన ప్రకృతి దృశ్యానికి ఎఫ్/8 నుంచి ఎఫ్/11. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది. అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/22 పెట్టేవాళ్లున్నారు. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చేటప్పుడు కాంతి వంగి పరుచుకుని ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. ముందు భాగంలో ఒక రాయో మొక్కో పెట్టుకుంటే దృశ్యానికి లోతు వస్తుంది.

జలపాతం పాలలా జారినట్టు రావాలంటే షట్టర్ స్పీడు పావు సెకను నుంచి ఒక సెకను దాకా కావాలి, ట్రైపాడ్ తప్పదు. పట్టపగలైతే అంతసేపటికి ఫోటో తెల్లబడిపోతుంది కాబట్టి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడతారు. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది కాబట్టి 6 స్టాపుల ఫిల్టర్ దాన్ని 64వ వంతుకి తగ్గిస్తుంది, అంటే 1/60 సెకను కాస్తా సుమారు ఒక సెకను అవుతుంది. ఐఫోన్‌లో లైవ్ ఫోటో తీసి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఎంచుకుంటే దాదాపు అలాంటిదే వస్తుంది. అయితే ప్రతి జలపాతాన్నీ పాలు చేసేయడం నాకు నచ్చదు. హోరుగా దూకే నీటిని 1/1000 దగ్గర ఆపి చూడండి, దాని బలం కనిపిస్తుంది.

తడి రాళ్లు, ఆకుల మీద మెరుపు తగ్గించడానికి పోలరైజర్ అనే ఫిల్టర్ ఉంది. ఆకాశం మీద అది బాగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న భాగంలో. మరీ వెడల్పాటి లెన్సుకి తగిలిస్తే ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వచ్చి చూడ్డానికి బాగోదు.

ఫోన్‌తో తీసేవాళ్లు ముందుగా లెన్సు తుడవాలి. జేబులో మసకబారిన లెన్సే ఫోన్ ఫోటోలకి పెద్ద శత్రువు. తెర మీద వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) స్థిరపడతాయి. అక్కడి నుంచి వేలిని కిందికి జరిపి వెలుగు కాస్త తగ్గించండి. సాయంత్రపు ఆకాశం రంగులు అప్పుడు నిలుస్తాయి.

నిండు చంద్రుడిని నేల మీది దృశ్యంతో కలిపి తీయాలంటే పౌర్ణమికి ముందురోజు సాయంత్రం మేలు. ఆ రోజు చంద్రుడు పొద్దుగూకక ముందే ఉదయిస్తాడు, నేల మీద ఇంకా వెలుగుంటుంది. చంద్రుడంటే ఎండ పడుతున్న రాయి, కాబట్టి పగటి సెట్టింగులకి దగ్గరగా ఉండాలి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, 1/100 సెకను, ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టండి. 1941లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ పల్లె మీద చంద్రోదయాన్ని తీస్తున్నప్పుడు వెలుగు కొలిచే లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి ప్రకాశం అంకె జ్ఞాపకం ఉండటంతో దాన్నిబట్టి లెక్క కట్టి తీసేశాడు. రెండో ఫోటో తీసేలోపే ఆ పల్లె శ్మశానంలోని శిలువల మీద ఎండ పోయింది.

నక్షత్రాల కోసమైతే అమావాస్య దగ్గర రోజులు చూసుకోండి. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే చుక్కలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలో 20 మిల్లీమీటర్ల లెన్సుకి 25 సెకన్లు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల టార్చి వెలుగుతో అదంతా పోతుంది. అందుకే ఎర్ర వెలుగు వాడండి. టార్చి వేసే ముందు "వేయనా?" అని అడగడం మర్యాద. పక్కవాళ్ల ఫోటో సగంలో ఉండొచ్చు.

గ్రూప్ ఫోటో చివరికి వాయిదా వేయొద్దు, అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. నీడలో నిలబెట్టండి, రెండు వరుసలైతే ఎఫ్/8 ఉంచి ముందు వరుస మీద ఫోకస్ పెట్టండి, పది సెకన్ల టైమర్‌తో వరసగా నాలుగైదు తీయండి. ఎవరో ఒకరు కళ్లు మూస్తారు, అది ఖాయం.

7. మనుషులు, పక్షులు

బజారులోనో ఉత్సవంలోనో ఎవరినైనా దగ్గర్నుంచి తీయాలంటే అడిగి తీయండి. కెమెరా చూపించి తల ఊపినా చాలు. పిల్లలైతే పెద్దవాళ్లని అడగాలి. తీసింది వాళ్లకి చూపించండి, పంపిస్తానని మాటిస్తే పంపించండి. ఆరుగురు ఒకేసారి ఒక్క మనిషి మీదకి కెమెరాలు ఎక్కుపెట్టడం మాత్రం దాడిలా ఉంటుంది. ఒకరు మాట్లాడి తీస్తే మిగతావాళ్లు పక్కకి తప్పుకోవాలి.

పక్షి మేత మానేసి మెడ నిక్కించి మీ వైపే చూస్తోందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికొచ్చారు. రెండడుగులు వెనక్కి వేయండి. గూళ్ల దగ్గర గుంపుగా నిలబడకండి, రికార్డు చేసిన కూతలు పెట్టి పిలవకండి. ఎగిరే పక్షికి కనీసం 1/1000 సెకను కావాలి. నీటి పక్షుల్ని తీసేటప్పుడు నేల మీద బోర్లా పడుకుంటే వెనక దృశ్యం దూరమై మెత్తగా మారిపోతుంది, బట్టలు మాత్రం మాసిపోతాయి.

8. కన్ను ఫ్రేములో, కాలు అంచున

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వేయొద్దు, ముందుకైనా వెనక్కైనా. గుంపుగా వచ్చినందుకు పనికొచ్చేది ఇక్కడే. ఒకరు తీస్తుంటే జంటలోని రెండోవాళ్లు వాళ్ల కాళ్ల వైపు చూడాలి. వాగుల్లో నీరు ఉన్నట్టుండి బురద రంగుకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు పెరిగినా సామాను సంగతి మరిచి గట్టెక్కండి. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన వాన కురిసి ఉంటుంది. సముద్రం దగ్గర రాళ్ల మీద అలలకి వీపు పెట్టి నిలబడొద్దు.

మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల దూరంలోపే ఉన్నట్టు. ట్రైపాడ్ ముడిచి గట్టి భవనంలోకో మూసిన బండిలోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. అద్దాలతో పనిచేసే వ్యూఫైండర్‌లోంచి సూర్యుడిని ఎప్పుడూ చూడకండి, జూమ్ లెన్సు ఉంటే కన్ను శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

9. ఇంటికొచ్చాక

ఆ రాత్రే కార్డులు ఖాళీ చేసి రెండు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకొకటి క్లౌడ్‌లోనో మరొకరి ఇంట్లోనో. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి.

నాలుగు వందల ఫోటోలు గ్రూపులో కుమ్మరించేస్తే ఎవరూ చూడరు. ఒక్కొక్కరూ పది ఎంచుకుని షేర్డ్ ఆల్బమ్‌లో వేయాలి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపిన ఫైల్లో జీపీఎస్ వివరాలు కూడా ఉండొచ్చు. గూళ్లు, అరుదైన మొక్కలు ఉన్న ఫోటోలు నలుగురిలో పెట్టే ముందు ఆ వివరాలు తీసేయండి. స్నేహితుల ముఖాలున్న ఫోటోల విషయంలో పద్ధతి ఒకటే. పెట్టే ముందు అడగాలి, తీసేయమంటే కారణం అడగకుండా తీసేయాలి.

వారంలోపు ఒక సాయంత్రం కలిసి ఆ పదేసి ఫోటోలు పెద్ద తెర మీద చూడండి. తీసినవాళ్లు నోరు మెదపకూడదు. ముందు మిగతావాళ్లు కన్ను మొదట ఎక్కడికి పోయిందో, ఏది అడ్డొచ్చిందో చెప్పాలి. "అక్కడ ఎంత బాగుందో తెలుసా" అని కథ మొదలైతే ఫోటోని చూడటం ఆగిపోతుంది. "బాగుంది" అనే మాట నిషేధించండి, ఎందుకు బాగుందో చెప్పమనండి. ఒకే చెట్టుని ముగ్గురు తీసిన ఫోటోలు పక్కపక్కన పెడితే మూడు పుస్తకాలు చదివినంత తెలుస్తుంది.

నచ్చినవాటిలో ఒకటో రెండో ప్రింట్ వేయించండి. 12 మెగాపిక్సెళ్ల ఫోటో అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు దాకా చక్కగా వస్తుంది. అంటే ఫోన్ ఫోటో కూడా గోడకెక్కొచ్చు. చివరగా, ఆ చోటులో దొరకని ఫోటోల జాబితా రాయండి. పొగమంచు లేదు, నీళ్లు తక్కువ, ఎండ అవతలి గట్టు మీద పడింది, ఇలా. వాటి పక్కనే ఏ నెలలో ఏ వేళకి వెళ్తే దొరుకుతాయో రాసి, తర్వాతి ట్రిప్ తేదీ అందులోంచే తీసుకోండి.